ఆల్‌వాకేరియా: ఆ ముక్కల్లో నిజంగా డైనోసార్‌వి ఏవి?

అడిగినవి రెండు. పాత ఆదిలాబాద్ జిల్లాలో దొరికిన ఆల్‌వాకేరియాను పుస్తకాల్లో "చిన్న మాంసాహార డైనోసార్" అని రాస్తారు కదా, అన్ని తక్కువ ఎముకలు చూసి ఆ మాట ఎలా అన్నారు అనేది మొదటిది. ఆ వైపు నేల మీద చిన్న ఎముక ముక్క కనిపిస్తే అది డైనోసార్‌దో కాదో ఎలా పోల్చుకోవాలి అనేది రెండోది.

ముందు సూటిగా చెప్తాను. అందులో డైనోసార్ ఉంది. దానికి సాక్ష్యం తొడ ఎముక, చీలమండ ఎముక. మిగతా ముక్కల్లో చాలావాటిని ఆ లెక్కలో వేయడానికి లేదు. "మాంసాహారి" అన్న ముద్ర ప్రధానంగా దవడల వల్ల పడింది, ఆ దవడలే వేరే జంతువువి అయ్యే అవకాశం ఎక్కువ.

1987లో శంకర్ ఛటర్జీ దీన్ని వాకేరియా మాలేరియెన్సిస్ అని వర్ణించారు. బ్రిటిష్ పురాజీవ శాస్త్రవేత్త అలిక్ వాకర్ గౌరవార్థం పెట్టిన పేరది. వాకేరియా అనే పేరు అప్పటికే బ్రయోజోవన్ అనే, నీళ్లలో గుంపులుగా బతికే ఒక చిన్న జీవికి ఉండడంతో 1994లో ఛటర్జీ, క్రైస్లర్ కలిసి ఆల్‌వాకేరియాగా మార్చారు. పాత పుస్తకాల్లో వెతికేవాళ్లు రెండు పేర్లూ చూడాలి. ఉన్నది ఒకే ఒక్క నమూనా. కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ సేకరణలో దాని గుర్తు ఐఎస్‌ఐ ఆర్ 306. అందులో పై దవడ, కింది దవడల ముందు కొసలు, వెన్నులోని వేర్వేరు చోట్లకు చెందిన 28 అసంపూర్ణ వెన్నుపూసలు, తొడ ఎముకలో చాలా భాగం, ఆస్ట్రగాలస్ అనే చీలమండ ఎముక ఉన్నాయి. మూతి భాగమంతా కలిపితే సుమారు 4 సెంటీమీటర్లే. ఇదంతా మాలేరి శిలాశ్రేణిలోని కింది భాగం నుంచి వచ్చింది. వయసు ట్రయాసిక్ చివరి కాలం, సుమారు 23 నుంచి 22 కోట్ల ఏళ్లు.

2005లో క్రిస్టియన్ రెమెస్, ఆలివర్ రౌహుట్ ఈ ముక్కల్ని మళ్లీ పరిశీలించి ఇది ఒకే జంతువు కాదన్నారు. మూతి భాగం మొసళ్ల వంశం వైపు సరీసృపానిది, వెన్నుపూసలు వేర్వేరు సరీసృపాలవి, తొడ ఎముక, ఆస్ట్రగాలస్ మాత్రం సారిస్కియన్ (బల్లి లాంటి తుంటి ఉన్న వర్గం) డైనోసార్‌వి అన్నది వాళ్లు తేల్చిన విషయం. నా దృష్టిలో ఈ నమూనా మీద జరిగిన అతి ముఖ్యమైన పని ఇదే. ఇది తెలియకుండా ఆల్‌వాకేరియా బొమ్మ గీస్తే కనీసం మూడు జంతువుల్ని కలిపి ఒకటి చేసినట్టవుతుంది. పొడవు, బరువు అంచనాలదీ అదే గతి. తలకీ కాలికీ ఉన్న నిష్పత్తి పట్టుకుని శరీరాన్ని లెక్కకడతారు. తల వేరే జంతువుదైతే ఆ నిష్పత్తికి అర్థమే లేదు. తొడ ఎముక ఒక్కదాన్నే దగ్గరి బంధువుల తొడ ఎముకలతో పోల్చి ఇచ్చిన అంచనాకే కొంత విలువ ఉంటుంది.

ఇంతకీ చీలమండ ఎముకకు అంత బలం ఎక్కడిది? మొసలి వంశంలో పాదం వంగే కీలు ఆస్ట్రగాలస్‌కూ దాని పక్కనున్న కాల్కేనియం అనే మడమ ఎముకకూ మధ్యలోంచి పోతుంది. ఒకదాని పొడుపు రెండోదాని గుంటలో తిరుగుతుంది. డైనోసార్లలో ఆ రెండూ మోకాలి కిందనున్న టిబియా, ఫిబ్యులా అనే ఎముకలకు అంటుకుని కదలకుండా ఉంటాయి, పాదం వాటి కిందనుంచి తలుపు మడతబందులా ఒకే దిశలో వంగుతుంది. అందువల్ల డైనోసార్ ఆస్ట్రగాలస్ పక్కనుంచి చూస్తే మడమ ఎముక తిరగడానికి కావలసిన లోతైన గుంటో, గుండ్రటి పొడుపో కనిపించదు. దాని బదులు పైకి లేచే ఒక ముక్కోణపు గట్టు ఉంటుంది. టిబియా అడుగుభాగం ఆ గట్టుకు సరిపోయేలా చెక్కినట్టు ఉంటుంది. బయటి పక్కన ఫిబ్యులా కూర్చునే చోటు వేరుగా కనిపిస్తుంది. ఆల్‌వాకేరియాలో ఫిబ్యులాకూ ఆస్ట్రగాలస్‌కూ ఉన్న ఆ అతుకు మామూలు కంటే చాలా పెద్దది, అది దీని ప్రత్యేక లక్షణంగా చెప్తారు. పళ్లకు రంపపు అంచు లేకపోవడాన్ని కూడా ప్రత్యేక లక్షణంగానే లెక్కేశారు. కానీ దవడలు తీసేస్తే ఆ లక్షణం కూడా పోతుంది.

తొడ ఎముకలో చూడవలసింది రెండు చోట్ల. తల భాగం లోపలి వైపుకు తిరిగి ఉండాలి, అప్పుడే కాలు శరీరం కింద నిటారుగా నిలుస్తుంది. ఎముక వెనక పక్క, పై సగంలో, తోక నుంచి వచ్చే పెద్ద కండరం పట్టుకునే గట్టు ఉంటుంది. దాన్ని నాలుగో ట్రోకాంటర్ అంటారు. తొలి డైనోసార్లలో అది సన్నగా, పదునుగా పైకి లేచి ఉంటుంది. మొసలి వంశంలో సాధారణంగా మొద్దుగా ఉబ్బి ఉంటుంది. ఇక్కడే చాలామంది పొరపడతారు. ఆ గట్టు విరిగిపోతే మొద్దుగానే కనిపిస్తుంది. పది రెట్ల భూతద్దంతో అంచు చూడండి. సహజమైన అంచు మీద ఎముక పైపొర తెగకుండా మడిచినట్టు సాగుతుంది, కండరం పట్టుకున్న గరుకు గీతలు కనిపిస్తాయి. విరిగిన అంచులో పైపొర హఠాత్తుగా ఆగిపోయి లోపలి పొరలు బయటపడతాయి, రంగు కూడా తేడాగా ఉంటుంది. తల తిరిగిన కోణాన్ని కూడా కళ్లు మూసుకుని నమ్మకండి. లోపల బోలుగా ఉన్న ఎముక మట్టి బరువుకు నలిగితే కోణం మారిపోతుంది. ముందు కాండంలో నిలువు పగుళ్లున్నాయేమో, అడ్డకోత గుండ్రంగా ఉందా అణిగిందా చూసుకుని అప్పుడు కోణం కొలవాలి.

ఒక హెచ్చరిక. లోపలికి తిరిగిన తల, పదునైన గట్టు, ఆస్ట్రగాలస్ మీది ముక్కోణపు పొడుపు ఇవన్నీ డైనోసార్ల దగ్గరి చుట్టాలైన సైలిసారిడ్లలోనూ ఎంతో కొంత ఉంటాయి. ఒక్క లక్షణంతో డైనోసార్ అనేయకూడదు. రెండు మూడు లక్షణాలు ఒకే ఎముక మీద, ఒకే దిశలో చూపాలి.

వేర్వేరు జంతువుల ఎముకలు ఒక నమూనాగా ఎలా చేరతాయి? మాలేరి నేల ఎర్ర బంకమట్టి రాళ్లు, మధ్యమధ్య ఇసుకరాళ్లు, సున్నపు గుళికలు నిండిన పొరలు. పాత నదుల వరద మైదానమది. చచ్చిన జంతువుల ఎముకల్ని నీళ్లు ఈడ్చుకెళ్లి ఒకచోట దింపాయి. నీళ్లు ఎముకల్ని పరిమాణాన్ని, బరువును బట్టి వేరుచేస్తాయి. అంటే ఒకే సైజు ఎముకలు ఒకచోట చేరడం ఒకే జంతువుకు గుర్తు కాదు, ప్రవాహం చేసిన పని కావచ్చు. "అన్నీ ఒకే సైజులో ఉన్నాయి కదా" అనే వాదన చాలా బలహీనమైనది అందుకే. రంగు ఒక్కటే కావడం కూడా అంతే. ఒకే పొరలో పడిన ఎముకలన్నిటికీ అదే ఇనుము ఆక్సైడ్ పడుతుంది.

గట్టి సాక్ష్యాలు వేరే ఉన్నాయి. వెన్నుపూసలు అతుకుల దగ్గర ఒకదానికొకటి కూర్చుని దొరకడం అన్నిటికంటే బలమైనది. అది లేకపోతే, ఒక పూస వెనక ముఖం తర్వాతి పూస ముందు ముఖానికి కొలతలో సరిపోతుందా చూడాలి. పూస కాయానికీ పైభాగపు కమానుకూ మధ్యనున్న అతుకు కొన్నిట్లో మూసుకుని, కొన్నిట్లో తెరిచి ఉంటే జాగ్రత్తపడాలి. ఒకే జంతువులో వేర్వేరు భాగాల్లో అలా ఉండొచ్చు, పక్కపక్క పూసల్లో ఉంటే మాత్రం అనుమానించాలి. తొడ ఎముక నుంచి సన్నని పలక కోసి సూక్ష్మదర్శినిలో ఎదుగుదల చూస్తే పిల్లదా పెద్దదా తెలుస్తుంది, కానీ ఉన్న ఒకే ఒక్క ఎముకను కోయడానికి ఏ సంరక్షకుడూ తొందరపడడు. ఇలాంటి సమస్య మన ఒక్క నమూనాదే కాదు. జర్మనీలో దొరికిన ప్రోకాంప్సోగ్నాథస్ తల కూడా దానిది కాదని, మొసలి వంశపు చిన్న జంతువుదని 1992లో సెరెనో, వైల్డ్ వాదించారు.

ఇక తిండి సంగతి. ముందు పళ్లు సన్నగా, నిటారుగా, పక్క పళ్లు వెనక్కి వంగి ఉన్నాయి. పై దవడ ముందు ఎముక పళ్లకూ వెనక ఎముక పళ్లకూ మధ్య ఖాళీ ఉంది. అర్జెంటీనాలో దొరికి 1993లో పేరు పెట్టిన తొలి డైనోసార్ ఇయోరాప్టర్ మూతిలోనూ ఇలాంటి ఏర్పాటే ఉండడంతో రెండిటినీ పోల్చారు. అయితే మాంసం కోసే పళ్లకు సాధారణంగా ఉండే సన్నని రంపపు అంచు ఇక్కడ లేదు. కాబట్టి దవడలు డైనోసార్‌వే అనుకున్నా పురుగులు, చిన్న జంతువులు, కొంత మొక్కల తిండి కలిపి తినే జీవి అనడమే సబబు. దవడలు దానివి కావనుకుంటే తిండి గురించి చెప్పడానికి ఏమీ మిగలదు. వర్గీకరణ కూడా ఈ దారిలోనే మారింది. మొదట థెరోపాడ్ (ఎక్కువగా మాంసాహారులుండే, రెండు కాళ్ల మీద నడిచే డైనోసార్ల వర్గం) అన్నారు, తర్వాతి పరిశీలనల్లో సారిస్కియన్ల మొదటి కొమ్మల్లో ఎక్కడో ఉంచారు. ప్రస్తుతానికి "సారిస్కియన్" అని ఆగడమే మంచిది.

మాలేరి నుంచి మాంసాహారి పేరు ఒకటి కావాలంటే 2025లో వర్ణించిన మాలేరిరాప్టర్ కుట్టీని తీసుకోండి. అన్నారం దగ్గర, మాలేరి శ్రేణి పై భాగంలో దొరికింది. దాని తుంటి ఎముకలు, తోక పూసలు హెరెరాసార్ల లక్షణాలు చూపిస్తాయి. ఆ కుటుంబం తిండి ఏమిటో అర్జెంటీనాలో దొరికిన హెరెరాసారస్ పుర్రె, పళ్ల వల్ల బాగా తెలుసు. దీనికీ దవడ దొరకలేదు, కాబట్టి మాంసాహారి అనడం కుటుంబాన్ని బట్టి చేసిన అనుమానమే, కాకపోతే ఆధారమున్న అనుమానం. అదే పై మాలేరి నుంచి 2011లో పేరు పెట్టిన నంబాలియా పొడవు మెడ శాకాహార డైనోసార్ల తొలి బంధువు.

రెండో ప్రశ్నకొస్తే, ఎర్రమట్టి మీద కనిపించే ఎముకల్లో డైనోసార్‌వి చాలా అరుదు. కింది మాలేరిలో ఎక్కువగా తగిలేవి హైపరోడపెడాన్ అనే రింకోసార్‌వి, అంటే మొక్కలు తినే ఒక పాత సరీసృపానివి. వరుసలుగా పళ్లు కుక్కిన మందమైన దవడ పలక కనిపిస్తే అదే. గుంటలు పడిన కవచపు పలకలు పారాసూకస్ అనే మొసలి రూపపు జంతువువి కావచ్చు. మధ్యనుంచి అంచులకు గాడులు పాకే చదునైన పుర్రె ముక్కలు పెద్ద ఉభయచరాలవి. ఒక కొస నుంచి విడిపోయే నాలుగైదు గట్లున్న నల్లటి నున్నటి పలక ఊపిరితిత్తుల చేప పన్ను. రంపపు అంచున్న పన్ను దొరికినా డైనోసార్ అని సంబరపడకండి, పారాసూకస్ బంధువుల వెనక పళ్లకూ ఆ అంచు ఉంటుంది. సున్నపు గుళికలు చాలామందిని మోసం చేస్తాయి. విరిగిన కొసను భూతద్దంతో చూడండి. ఎముకైతే బయట దట్టమైన గోడ, లోపల జల్లెడలాంటి అల్లిక కనిపిస్తుంది. గుళిక లోపల అంతా ఒకటే ముద్ద.

దొరికిన ముక్కను పెకలించకండి. ముందు ఉన్నచోటే, పక్కన స్కేలు పెట్టి, వాలు వెలుతురులో ఫొటో తీయండి. ఫోన్‌లో జీపీఎస్ అంకెల్ని ఐదు దశాంశాల వరకు రాసుకోండి. చుట్టూ ఒక మీటరులో ఇంకేమైనా ఉంటే ఒక్కోదానికీ దూరం, దిక్కు రాయండి. ఒకే జంతువా కాదా అన్న తగువు తర్వాత తేలేది ఈ చిన్న పటంతోనే. ఏ పొరలోంచి జారిందో చూడటానికి వాలు పైకి నడవండి. ముక్కలు ఎక్కడ ఆగిపోతాయో ఆ ఎత్తు రాసుకోండి, అసలు పొర దాదాపు అక్కడే ఉంటుంది. హైదరాబాద్‌లోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కో ఈ వివరాలన్నీ పంపండి.

చిన్న ఎముకల కోసం మట్టి కడగడం అనుమతి ఉన్న బృందాల పని, అయినా పద్ధతి చెప్తాను. బంకమట్టిని ముందు పూర్తిగా ఎండబెట్టాలి. తడి మిగిలితే నానదు, ముద్దలుగానే ఉంటుంది. ఎండినదాన్ని కిరోసిన్‌లో ముంచి, వార్చి, వెంటనే నీళ్లు పోస్తే మట్టి దానంతటదే విచ్చుకుంటుంది. పైన 2 మిల్లీమీటర్లు, కింద అర మిల్లీమీటరు రంధ్రాలున్న జల్లెడలు పెట్టి నీళ్లలో మెల్లగా కదపాలి. చేత్తో నలిపితే పళ్ల కొసలు పోతాయి. బీటలు పడిన ఎముకకు ఎసిటోన్‌లో 5 శాతం పారలాయిడ్ బి-72 అనే, తర్వాత కరిగించి తీయగల రెసిన్ కలిపి చుక్కచుక్కగా పట్టించాలి. అది పూర్తిగా ఆరిన ఎముక మీదే పనిచేస్తుంది, తడి మీద తెల్లగా పాలిపోతుంది. సూపర్ గ్లూ వాడితే తర్వాత విడదీయడం కష్టం. రెండు ముక్కలు తప్పుగా అతికినట్టు తేలినప్పుడు ఎముకను విరవకుండా వాటిని వేరుచేయడం చాలా కష్టమవుతుంది.