రెండు రాత్రులు నా దగ్గరుంటే మూడు వేలు తగ్గించొద్దా?

ప్రశ్న: వకీలమ్మ గారికి నమస్తే. మాది మిర్యాలగూడ. రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తా, జీతం 27 వేలు. మాకు విడాకులైనయ్. తొమ్మిదేళ్ల పాప నల్లగొండలో వాళ్లమ్మ దగ్గర ఉంటది. ఆమె బట్టలు కుట్టి నెలకు 9 వేల దాకా సంపాదిస్తది. పాప ఖర్చుకు నెలకు 7 వేలు ఇయ్యాలని 2022లో కోర్టు చెప్పింది. ఈ జూన్ నుంచి ఇద్దరం మాట్లాడుకొని, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం సాయంత్రం దాకా పాపను నేనే ఉంచుకుంటున్న. తిండి, బస్సు కిరాయి అన్నీ నావే. అందుకే మూడు నెలలుగా 4 వేలే పంపుతున్న. లండన్‌లో రాత్రులు లెక్కబెట్టి తగ్గిస్తారని అక్కడున్న మా దోస్తు చెప్పిండు. పైగా నా పైసలతో ఆమె కుట్టుమిషనుకు మోటరు పెట్టించుకుందట, పాపే చెప్పింది. నేను చేసింది తప్పా?

జవాబు: తప్పే తమ్ముడూ. పాపను తెచ్చుకొని ఉంచుకోవడం చాలా మంచి పని. కోర్టు చెప్పిన మొత్తాన్ని మీ అంతట మీరే కోసుకోవడం మాత్రం తప్పు.

మీ దోస్తు మాట నిజమే. బ్రిటన్‌లో ఏడాదికి 52 రాత్రులు బిడ్డను ఉంచుకుంటే ఏడో వంతు, 104 రాత్రులైతే ఏడింట రెండు వంతులు తగ్గుతుంది. మీవి వారానికి రెండు రాత్రులు, అంటే 104. ఆ లెక్కన చూసినా తగ్గేది 2 వేలే, 3 వేలు కాదు. మన చట్టంలో అలాంటి పట్టిక లేదు. ఇక్కడ జడ్జి చూసేది బిడ్డ అవసరం, తల్లిదండ్రుల సంపాదన. ఇద్దరూ సంపాదిస్తుంటే బిడ్డ ఖర్చు జీతాల నిష్పత్తిలో పంచుకోవాలని సుప్రీంకోర్టు 2000లో ఒక కేసులో చెప్పి, తండ్రికి రెండు పాళ్లు, తల్లికి ఒక పాలు వేసింది.

మీ సంగతే చూద్దాం. నల్లగొండలో ఆ వయసు పిల్లకు నేనైతే ఇట్లా వేస్తాను: ఫీజు నెలకు 2,000, వ్యాను 900, ఇంటి కిరాయిలో పాప వాటా 2,000, తిండి 3,000, బట్టలూ మందులూ పుస్తకాలూ 1,300. మొత్తం 9,200. మీ సంపాదన ఆమెకు మూడింతలు గనుక మీ వాటా 6,900. కోర్టు చెప్పిన 7 వేలు దాదాపు అదే.

పాప శనివారం మీ ఇంట్లో ఉందని బడి ఫీజు తగ్గదు, ఓనరు కిరాయి తగ్గించడు. తగ్గేది తిండి ఒక్కటే, నెలకు తొమ్మిది రోజులకు 900. బస్సు కిరాయి అన్నారు గానీ, మహాలక్ష్మి పథకంతో 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ధరే లేదు. అయ్యేది మీ టికెట్టే. బిడ్డ కోసం తండ్రి చేసే ప్రయాణాన్ని బిడ్డ ఖాతాలో రాయడం నాకు నచ్చదు.

కాబట్టి మీరు అడగగలిగేది వెయ్యి దాకా. దానికైనా పరిస్థితులు మారాయని కోర్టులో దరఖాస్తు వేయాలి. ఆ దరఖాస్తుకు పాత నేర విచారణ చట్టం (సీఆర్‌పీసీ)లోని 127 సెక్షన్ స్థానంలో 2024 జులై నుంచి కొత్త చట్టం భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 146 సెక్షన్ వచ్చింది. ఆర్డరు మారేదాకా మిగిలిన పైసలు బాకీయే. ఆమె ఏడాదిలోపు కోర్టుకెళ్తే వారెంటు రావచ్చు, ఒక్కో నెల బాకీకి నెల దాకా జైలు పడవచ్చు.

ముందు మూడు నెలల బాకీ 9 వేలు ఫోన్‌పేలో పంపండి, రుజువు ఉంటుంది. తర్వాత ఇద్దరూ కలిసి నల్లగొండ కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లండి. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు అక్కడ వకీలు ఉచితం. ఏ రోజులు ఎవరి దగ్గర, దసరా సెలవులు ఎట్లా, ఫీజు ఎవరు కట్టాలి, అన్నీ రాయించుకొని లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే అది కోర్టు డిక్రీతో, అంటే తీర్పుతో సమానం. ఫీజు నేరుగా మీరే బడికి కట్టి, మిగతాది ఆమెకు పంపే పద్ధతి కూడా అక్కడ అడగవచ్చు.

ఇక మోటరు. ఆ మిషనే వాళ్ల కూడు. నలుగురి జాకెట్లు ఎక్కువ కుడితే ఆ ఇల్లు నిలబడేది మీ పాప కోసమే. నన్ను బాధపెట్టింది ఆ వాక్యంలోని ‘పాపే చెప్పింది’. రెండిళ్ల మధ్య తిరిగే పిల్ల నోట ఒక ఇంటి మాట ఇంకో ఇంట్లో చెప్పిస్తే, రేపటి నుంచి రెండు చోట్లా భయంతోనే మాట్లాడుతుంది. ఈ శుక్రవారం పాపను తీసుకొచ్చినప్పుడు మిషను సంగతి అడగకండి.