ఆ గడిలో వేయాల్సింది సున్నా కాదు, 28,400 కూడా కాదు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నేను 2012 దాకా డాలస్‌లో ఉద్యోగం చేసి హైదరాబాద్ తిరిగొచ్చేశాను. మా అమ్మాయి అక్కడే పుట్టింది, అమెరికా పౌరసత్వం ఉంది. ఇంటర్ దాకా ఇక్కడే చదివి, ఇప్పుడు టెక్సాస్‌లో డిగ్రీ మూడో సంవత్సరంలో ఉంది. 2026-27కి ఫాఫ్సా (కాలేజీ చదువుకి అమెరికా ప్రభుత్వ సాయం కోసం పెట్టే దరఖాస్తు) నింపుతున్నాం. అందులో ‘ఐఆర్ఎస్‌కి ఆదాయంగా చూపించిన కాలేజీ గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు’ అని ఒక గడి ఉంది (ఐఆర్ఎస్ అంటే అక్కడి పన్నుల శాఖ). తనకి టాక్స్ ఏమీ పడలేదు కాబట్టి సున్నా వేద్దామంటుంది అమ్మాయి. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీ ఆయన మాత్రం వచ్చిన స్కాలర్‌షిప్ మొత్తం, అంటే 28,400 డాలర్లు వేయమన్నాడు. ఆ మాట చెప్పినందుకు ఐదు వేలు తీసుకున్నాడు. తన 2024 రిటర్న్, 1098-టి (కాలేజీ ఇచ్చే ఫీజు, స్కాలర్‌షిప్ లెక్క), డబ్ల్యూ-2 (జీతం లెక్క) కాపీలు జత చేస్తున్నాను. ఎవరి మాట వినాలి?
– ఒక తండ్రి, నిజాంపేట

జవాబు: ఎవరి మాటా వినకండి. మీరు పంపిన కాగితాల ప్రకారం ఆ గడిలో వేయాల్సింది 6,400. రిటర్న్‌లో షెడ్యూల్ 1 తీసి, లైన్ 8ఆర్ చూడండి. మీ అమ్మాయి తన చేత్తోనే 6,400 అని రాసింది. ఆ అంకెనే ఇక్కడికి తెచ్చి వేయాలి. ఐదు వేల సంగతి కూడా చెప్పేస్తాను: ఫాఫ్సాలో మొదటి అక్షరానికి అర్థమే ‘ఫ్రీ’. ఆ ఫారం నింపడానికి డబ్బు కట్టక్కర్లేదు.

మన ఇళ్ళలో ఈ తికమక ఎందుకొస్తుందో నాకు తెలుసు. మన దగ్గర చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద పన్ను ఉండదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో సెక్షన్ 10(16) అని దానికో మినహాయింపు పెట్టారు. అందుకే స్కాలర్‌షిప్ కూడా ఆదాయమేనంటే మనకు మింగుడు పడదు. అమెరికా చట్టం ఆ డబ్బును రెండు ముక్కలు చేస్తుంది. మన ఈ-పాస్‌లో ఆర్టీఎఫ్, ఎంటీఎఫ్ అని ఉంటాయి చూడండి, ఒకటి కాలేజీ ఫీజుకి, ఇంకొకటి పిల్లల తిండికీ మెయింటెనెన్స్‌కీ. కొంచెం అలాంటిదే. ట్యూషన్‌కి, తప్పనిసరి ఫీజులకి, కోర్సుకి కావాల్సిన పుస్తకాలకి, సామానుకి ఖర్చయిన ముక్క మీద పన్ను లేదు. హాస్టల్ గదికి, మెస్‌కి, రాకపోకలకి పోయిన ముక్క ఆదాయం కింద లెక్క.

మీ కాగితాల్లో అది ఎలా తేలిందో చూడండి. 1098-టిలో 5వ గడిలో స్కాలర్‌షిప్‌లు 28,400. 1వ గడిలో ట్యూషన్, ఫీజుల కింద కాలేజీకి ముట్టింది 20,900. తేడా 7,500. ఇందులోంచి పుస్తకాలకి, ల్యాబ్ సామానుకి అయిన 1,100 తీసేసింది. మిగిలింది 6,400. పుస్తకాల రసీదులు పారేయకుండా దాచిందంటే పిల్ల గట్టిదే, నా అభినందనలు చెప్పండి.

ఇక ‘టాక్స్ పడలేదు కాబట్టి సున్నా’ అన్న వాదన. తెలివైన పిల్లలే ఎక్కువగా ఇక్కడ కాలు జారుతున్నారు. గడి అడిగేది ‘ఆదాయంగా చూపించావా’ అని, ‘పన్ను కట్టావా’ అని కాదు. క్యాంపస్ జాబ్ జీతం 7,200, స్కాలర్‌షిప్ ముక్క 6,400, రెండూ కలిపి తన ఏజీఐ (రిటర్న్‌లో తేలిన మొత్తం ఆదాయం) 13,600 అయింది. 2024కి స్టాండర్డ్ డిడక్షన్ 14,600. ఆదాయం దానికి లోపలే ఉంది కాబట్టి పన్ను సున్నా అయింది. అయినా 6,400 మాత్రం ఏజీఐలో కూర్చునే ఉంది. ఐఆర్ఎస్ నుంచి ఫాఫ్సాకి నేరుగా చేరేది ఆ 13,600. అందులో స్కాలర్‌షిప్ ఎంతో మీరు చేత్తో చెప్తే తప్ప ఫారానికి తెలియదు. చెప్తే దాన్ని ఆదాయంలోంచి తీసేసి లెక్క కడతారు. అంటే ఈ గడి మీ మేలు కోసం పెట్టిందే.

సున్నా వేస్తే నష్టపోయేది మీరే. ఫాఫ్సా చివర్లో తేల్చే అంకె ఎస్ఏఐ. ఇంతకుముందు ఈఎఫ్‌సీ అనేవారు, 2024-25 నుంచి పేరూ సూత్రమూ మారాయి. అది ఎంత తక్కువుంటే సాయం అంత ఎక్కువ. స్టూడెంట్ ఆదాయంలో మినహాయింపులు పోగా మిగిలినదాంట్లో సగం అందులోకి లాగుతారు. 6,400 తీసేయకుండా వదిలేస్తే ఎస్ఏఐ పెరగొచ్చు. తిండికని ఇచ్చిన స్కాలర్‌షిప్పే తరవాతి ఏడాది సాయానికి గండి కొట్టినట్టవుతుంది.

మరి 28,400 వేస్తే? ఉన్న ఆదాయమే 13,600. అందులోంచి 28,400 తీసేయమంటే సాయం సంగతి చూసే ఏ కాలేజీ ఎయిడ్ ఆఫీసు ఊరుకుంటుంది? కాగితాలు పంపమంటారు, అది తేలేదాకా సాయం ఆగుతుంది. ఇది ఊహించి చెప్తున్నది కాదు. అమెరికాలో, ఎడిసన్‌లో ఉన్నప్పుడు మావాడి మొదటి ఏడాది ఫారం నేనే నింపాను. ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అతికించిన అవార్డ్ లెటర్ (ఏడాదికి ఎంత సాయం ఇస్తున్నారో కాలేజీ రాసే ఉత్తరం) చూసి, అందులో ఉన్న మొత్తం ఎత్తి ఆ గడిలో వేసేశాను. అప్పటికి పదకొండేళ్ళుగా పక్కవాళ్ళ టాక్సులు చేస్తున్నదాన్ని. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టే. కాలేజీ వాళ్ళు రిటర్న్ అడిగారు, మూడు వారాలు నడిచింది. ఈలోగా సెమిస్టర్ బిల్లు గడువు దాటింది. “నువ్వు అకౌంటెంట్‌వేనా అమ్మా?” అని మావాడు డార్మ్ నుంచి ఫోన్ చేసి అడిగాడు. ఇప్పటికీ పండక్కి వచ్చినప్పుడల్లా అడుగుతాడు.

అవార్డ్ లెటర్ చూసి నింపితే ఇంకో చిక్కు కూడా ఉంది. లెటర్ ఆగస్టు నుంచి మే దాకా, చదువు సంవత్సరానికి. పన్ను లెక్క జనవరి నుంచి డిసెంబరు దాకా. 2026-27 ఫాఫ్సాకి కావాల్సింది 2024 క్యాలెండర్ సంవత్సరం, అంటే మీ అమ్మాయి మొదటి ఏడాది రెండో సెమిస్టరూ, రెండో ఏడాది మొదటి సెమిస్టరూ. ఏ ఒక్క అవార్డ్ లెటరూ దీనికి సరిపోదు. ఆ కాగితం బీరువాలో పెట్టేసి, రిటర్న్ ఒక్కటే ముందు పెట్టుకోండి. 7,200 జీతాన్ని కూడా ఈ గడిలో కలపకండి, అది వేరు.

తల్లిదండ్రుల భాగంలో కూడా ఇదే గడి కనిపిస్తుంది. అక్కడ మీరు సున్నా వేయాలి, ఎందుకంటే స్కాలర్‌షిప్ అమ్మాయి రిటర్న్‌లో ఉంది. అమెరికాలో రిటర్న్ వేయని తల్లిదండ్రులైనా, ఐఆర్ఎస్ నుంచి తమ పన్ను వివరాలు తెచ్చుకోవడానికి ఫారంలో కన్సెంట్ ఇచ్చి తీరాలి. ఇక్కడి జీతాన్ని, ఫారం నింపే రోజు రేటుకి డాలర్లలోకి మార్చి చూపించాలి.

ఇంకొక పని చేయండి. ఇప్పుడు నడుస్తున్న 2025-26 ఫారం తెరిచి, పోయినేడాది ఈ గడిలో ఏం వేశారో చూడండి. అది 2023 రిటర్న్ మీద నడుస్తుంది. ఆ రిటర్న్‌లో 8ఆర్‌లో అంకె ఉండి, మీరు సున్నా వేసి ఉంటే, అమ్మాయి తన అకౌంట్‌లోకి లాగిన్ అయి కరెక్షన్ పెట్టుకోవచ్చు. పెట్టాక కాలేజీ ఎయిడ్ ఆఫీసుకి ఒక మెయిల్ కొట్టమనండి, షెడ్యూల్ 1 కాపీతో సహా. వాళ్ళు అడిగేదాకా ఆగొద్దు.

ప్రశ్న: మా అబ్బాయి ఎఫ్-1 మీద ఎంఎస్ చేస్తున్నాడు. యూనివర్సిటీ ఇచ్చిన స్కాలర్‌షిప్‌లో కొంత కోసుకుని 1042-ఎస్ అని ఒక ఫారం ఇచ్చారట. ఫాఫ్సా వేస్తే ఆ డబ్బు తిరిగొస్తుందా?
– ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రాదమ్మా. ఎఫ్-1 వాళ్ళకి ఫాఫ్సా సాయం లేదు. అది పౌరులకీ, గ్రీన్ కార్డ్ లాంటివి ఉన్నవాళ్ళకీ. కోసుకున్నది పన్ను. ట్యూషన్‌కి పోగా మిగిలిన స్కాలర్‌షిప్ మీద ఎఫ్ వీసా పిల్లలకి మామూలుగా 14 శాతం ముందే పట్టుకుంటారు. అది వెనక్కి అడగాలంటే నాన్-రెసిడెంట్లు వేసే 1040-ఎన్ఆర్ రిటర్న్ వేయాలి. నాన్-రెసిడెంట్లకి మామూలుగా స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు గానీ, భారత్-అమెరికా పన్ను ఒప్పందంలో 21(2) ఆర్టికల్ కింద మన దేశం నుంచి వెళ్ళిన విద్యార్థులకి ఉంది. చైనా నుంచి వచ్చిన రూమ్మేట్‌కి ఇది వర్తించదు, కాబట్టి అతని రిటర్న్ చూసి కాపీ కొట్టొద్దని చెప్పండి. 1042-ఎస్‌లో ఆదాయం కోడ్ 16 అని ఉందో లేదో చూసి, ఎంత పట్టుకున్నారో రాసి పంపండి. వచ్చే నెల లెక్క కట్టి చెప్తాను.