కారు మీద దుమ్ము ఉంటే ఉండనివ్వండి

"కొత్త నల్ల కారు. రోజూ పొద్దున్నే గుడ్డతో తుడుస్తున్నాం. అయినా ఏడాది తిరక్కుండానే మెరుపు తగ్గింది, ఎండలో చూస్తే సాలెగూడు లాంటి గీతలు. వాక్స్, పాలిష్ చేయిస్తే దుమ్ము, ఇసుక నుంచి పెయింట్‌కి రక్షణ ఉంటుందా? ఎన్నాళ్ళకోసారి చేయించాలి?" అని మీరు అడిగారు.

ఇందులో నాకు గుచ్చుకున్న ముక్క ఒక్కటే, రోజూ పొద్దున్నే గుడ్డతో తుడవడం. మీ గీతలన్నీ అక్కడి నుంచే వచ్చాయి. వాక్స్ మంచిదే. నేనూ వేస్తాను, అందర్నీ వేయమనే చెబుతాను. కానీ పొడిగుడ్డ అలవాటు మానకుండా ఎంత ఖరీదైన వాక్స్ వేసినా ఆ డబ్బు నేలపాలే.

మాది ఒంగోలు. అన్నయ్యకు చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్ ఉంది. ఆ రోడ్డు మీద తిరిగినవాళ్ళకు దుమ్మంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ బండలు వేసుకుని లారీలు పోతూనే ఉంటాయి. బండ కోసేటప్పుడు వచ్చే బురదని కొందరు తెచ్చి రోడ్డు పక్కనే పోసేస్తారు. అది ఎండిపోయి, బండి పోయిన ప్రతిసారీ లేచి కార్ల మీద కూర్చుంటుంది. వేళ్ళ మధ్య నలిపితే మెత్తగానే తగులుతుంది, అక్కడే అందరూ మోసపోతారు. ఆ రాతిలో ఉండే ఫెల్డ్‌స్పార్ లాంటి ఖనిజాల కాఠిన్యం, రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోహ్స్ స్కేలు మీద, 6 దాకా ఉంటుంది. మామూలు ఇసుకలోని క్వార్ట్జ్ 7. కిటికీ అద్దం 5.5 దగ్గర ఆగిపోతుంది. అద్దాన్నే గీసేసే రేణువులకి కారు పెయింట్ ఒక లెక్కా? మీరు హైదరాబాద్‌లోనో బెజవాడలోనో ఉంటే గ్రానైట్ పొడి ఉండకపోవచ్చు, పక్క అపార్ట్‌మెంట్ కడుతున్న ఇసుక ఉంటుంది. పెద్ద తేడా లేదు.

మేనకోడలి పెళ్ళికి పెళ్ళికూతుర్ని అన్నయ్య కారులోనే తీసుకురావాలని ఇంట్లో అనుకున్నారు. అదీ నల్ల కారే. సాయంత్రం యూనిట్ నుంచి రాగానే పాత పంచె ముక్కతో కారంతా తుడిపించందే అన్నయ్యకు అన్నం సహించేది కాదు. పెళ్ళికి ముందు గట్టిగా ఒక వాక్స్ కొట్టిద్దామని కర్నూల్ రోడ్డులో మాకు తెలిసిన టింకరింగ్, పెయింటింగ్ షెడ్డుకు తీసుకెళ్ళాం. ఆ పెయింటర్ పెద్దాయన, స్ప్రే గన్‌తోనే తల నెరిసింది. మేమంతా భాయ్ అంటాం.

భాయ్ వాక్స్ డబ్బా తీయలేదు. పొడవాటి వైరుకు వేలాడుతున్న ట్యూబ్‌లైట్ పట్టుకొచ్చి బానెట్ పక్కన ఏటవాలుగా పెట్టాడు. పగటి వెలుతురులో బాగానే ఉందనుకున్న బానెట్ నిండా సన్నటి గీతలు, లైట్ చుట్టూ గుండ్రంగా తిరుగుతూ. "ఇవి రోడ్డు మీద పడినవి కావు సార్, ఇంట్లో పడినవి" అన్నాడు. అన్నయ్య ఒప్పుకోలేదు. "భాయ్, లారీల వెనకాల వస్తాం కదా, ఆ దుమ్ము కొట్టే పడుంటాయి. వాక్స్ వేసుంటే పడేవి కాదు" అన్నాడు.

షెడ్డు మూల ఏదో ప్రమాదం బండికి చెందిన పాత డోర్ ఒకటి ఆనించి ఉంది. భాయ్ దాన్ని శుభ్రంగా కడిగి ఆరబెట్టి, మధ్యలో నిలువుగా మాస్కింగ్ టేప్ అంటించి, కుడివైపు సగానికి మాత్రం వాక్స్ రాశాడు. ఆరాక తుడిచాడు. తర్వాత అన్నయ్య కారు వెనక చక్రం పైన పేరుకున్న మట్టిని పెయింట్ బ్రష్‌తో ఒక కాగితం మీదికి దులిపి, దాన్ని డోర్ అంతటా చల్లాడు. పైనుంచి మగ్గుతో నీళ్ళు పోశాడు. వాక్స్ ఉన్న సగంలో నీళ్ళు బొట్లుబొట్లుగా విడిపోయి, మట్టిని తీసుకుని జారిపోయాయి. లేని సగంలో నీళ్ళు పరుచుకుని నిలిచి, కింద మట్టి పొర అలాగే ఉండిపోయింది. అన్నయ్య నావైపు చూశాడు, చూశావా అన్నట్టు.

భాయ్ డోర్ ఆరేదాకా ఆగాడు. మళ్ళీ అదే మట్టి చల్లి, ఈసారి నీళ్ళు లేకుండా, అన్నయ్య కారు డిక్కీలోంచి ఆ పంచె ముక్కే తీసుకుని రెండు సగాల్నీ ఒకేలా తుడిచాడు. ట్యూబ్‌లైట్ దగ్గర పెట్టాడు. రెండువైపులా గీతలే. వాక్స్ ఉన్నవైపు కాస్త తక్కువేమో అని నేను వంగి వెతికాను, కనిపించలేదు. అన్నయ్య ఏమీ మాట్లాడకుండా ఆ పంచె ముక్కని చెత్తడబ్బాలో పడేశాడు.

నేను చెప్పాలనుకున్నదంతా ఆ డోర్ మీదే ఉంది. వాక్స్ పొర మైక్రాన్‌లో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతులో, కొంత భాగం ఉంటే ఉంటుంది. ఇసుక రేణువు దానికన్నా ఎన్నో రెట్లు పెద్దది. ఆ పొర రేణువుని ఆపడం అయ్యే పని కాదు. వాక్స్ చేసేది పెయింట్‌ని జారుడుగా మార్చడం. దుమ్ము పట్టుకోదు, నీళ్ళు పోస్తే పోతుంది, మీరు రుద్దాల్సిన అవసరం తగ్గుతుంది. రుద్దడం తగ్గితే గీతలూ తగ్గుతాయి. పిట్ట రెట్ట, చెట్టు జిగురు కూడా పెయింట్‌లోకి దిగేలోపు కడిగేసుకునే వ్యవధి ఇస్తుంది. అంతకుమించి ఆశించకండి.

పాలిష్ పూర్తిగా వేరే పని. అందులో అతి సన్నటి రాపిడి పొడి ఉంటుంది. అది గీతను పూడ్చదు, గీత చుట్టూ ఉన్న పెయింట్‌ని అరగదీసి ఆ మట్టానికి దించుతుంది. అన్నయ్య కారుకి ఆ రోజు భాయ్ బఫింగ్ మెషిన్ పెట్టినప్పుడు అన్నయ్య కంగారుపడి "రంగు ఊడొస్తుందేమో" అన్నాడు. భాయ్ మెషిన్ ఆపి ప్యాడ్ తిప్పి చూపించాడు. నల్ల కారు మీద తిరిగిన ప్యాడ్‌కి అంటింది తెల్లటి పొడి. రంగు మీదుండే రంగులేని పొర, క్లియర్ కోట్ అది. చాలా కార్లకు దాని మందం సుమారు 40, 50 మైక్రాన్లు. తలవెంట్రుక మందం కూడా ఉండదు. ఒక్కో పాలిష్‌కి అందులోంచి కొంచెం కొంచెం పోతుంది, మళ్ళీ పెరగదు. ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి రంగును కాపాడేది ఆ పొరే. అది అరిగిపోయిన చోట బానెట్, టాప్ తెల్లగా పాలిపోయి పొట్టు లేచిన పాత కార్లు మీరు చూసే ఉంటారు. అందుకే ఆర్నెల్లకోసారి రబ్బింగ్ పాలిష్ అంటూ ప్యాకేజీలు అమ్మేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. గీతలు బాగా కనిపిస్తుంటే ఒకసారి చేయించండి, ఆ తర్వాత కొన్నేళ్ళు దాని జోలికి వెళ్ళకండి.

ప్యాకేజీల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. సిరామిక్ కోటింగ్ అమ్మేచోట "9హెచ్ కాఠిన్యం" అని పెద్ద అక్షరాలతో రాస్తారు. వజ్రం 10 కదా, ఇది 9 అంటే ఇక గీత పడదని జనం అనుకుంటారు, షాపువాళ్ళు ఆ అపోహని అలాగే వదిలేస్తారు. ఆ 9హెచ్ పెన్సిల్ ములికితో గీసి చూసే పరీక్షది, మోహ్స్ స్కేలుది కాదు. సిరామిక్ చెడ్డదని నేననను. వాక్స్ కన్నా చాలాకాలం ఉంటుంది, నీళ్ళు బాగా జారతాయి. ఇసుకతో పొడిగా రుద్దితే దాని మీదా గీతలు పడతాయి. నిజంగా రాళ్ళదెబ్బకు అడ్డుపడేది పీపీఎఫ్ అనే పాలియురెథేన్ ఫిల్మ్. 150 నుంచి 200 మైక్రాన్ల మందం ఉంటుంది కాబట్టి తట్టుకుంటుంది. కారంతా వేయించాలంటే చాలా ఖర్చు. రోజూ హైవే మీద తిరిగేవాళ్ళు బానెట్‌కీ ముందు బంపర్‌కీ వేయించుకుంటే చాలు.

ఇంకా నా బాధ అపార్ట్‌మెంట్లలో కార్లు తుడిచే మనుషుల గురించి. ఒక బకెట్ నీళ్ళు, ఒక గుడ్డ, వరసగా సెల్లార్‌లో ఉన్న కార్లన్నీ. మూడో కారుకి వచ్చేసరికి ఆ నీళ్ళలో మొదటి రెండు కార్ల ఇసుకంతా ఉంటుంది. గీతలు పడ్డాయని అతన్ని కసురుకునేవాళ్ళని చూశాను, అది అన్యాయం. నెలకు ఇన్ని వందలని బేరమాడి, రోజూ మెరవాలని పట్టుబట్టేది మనం. అతనికి మీరే రెండు మైక్రోఫైబర్ గుడ్డలివ్వండి, వారానికి ఒక్కసారే నీళ్ళు పోసి కడగమనండి, జీతం మాత్రం తగ్గించకండి. మిగతా రోజులు అద్దాలు తుడిస్తే చాలు. మధ్యలో మామయ్యలో పక్కింటివాళ్ళో "కారేంటి ఇంత దుమ్ము పట్టింది" అంటారు, అననివ్వండి. కదలకుండా కూర్చున్న దుమ్ము పెయింట్ మీద గీతలు పెట్టదు. కవర్ కూడా అంతే, దుమ్ము కారు మీద కవర్ కప్పితే గాలికి అది రాత్రంతా రుద్దుతూనే ఉంటుంది.

కడిగేటప్పుడు ముందు ఒట్టి నీళ్ళు ధారాళంగా పోసి మట్టిని పోనివ్వండి. తర్వాత కారు షాంపూ నీళ్ళతో టాప్ నుంచి కిందికి రండి. డోర్ల అడుగు భాగం ఆఖరున, చక్రాలకు గుడ్డ వేరే. గుడ్డ ముంచి పిండుకోవడానికి శుభ్రమైన నీళ్ళ బకెట్ ఇంకొకటి ఉండాలి. మా ప్రకాశం జిల్లా బోరునీళ్ళ లాంటివైతే ఎండలో ఆరనివ్వకండి, తెల్ల మరకలు పడి వాటిని వదిలించడానికి మళ్ళీ రుద్దాలి. పొద్దున ఏడు లోపో, సాయంత్రం నీడలోనో కడగండి. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినా పరవాలేదు, ఆఖర్లో వాళ్ళ గుడ్డతో తుడవనివ్వకుండా మీ గుడ్డ ఇవ్వండి.

వాక్స్ కూడా నీడలోనే, బానెట్ చేతికి చల్లగా తగిలినప్పుడే. పల్చగా, ఒక్కో ప్యానెల్ చొప్పున. మందంగా పూస్తే ఎక్కువ కాపాడదు, తుడవడానికి చేతులు పడిపోతాయి. కార్నౌబా వాక్స్ బ్రెజిల్‌లో ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం, 80 డిగ్రీలు దాటాక గానీ కరగదు. అయినా మన మే నెల ఎండకు నల్ల బానెట్ మీద ఎక్కువ కాలం నిలవదు. డబ్బా మీద ఆర్నెల్లని రాసినా నేను రెండు నెలలకే మళ్ళీ వేస్తాను. నీళ్ళు బొట్లు కట్టకుండా పరుచుకుంటున్నాయంటే వేళయిందన్నమాట. సిలికాన్ స్ప్రేల జోలికి మాత్రం వెళ్ళకండి. రేపు ఎక్కడైనా డెంట్ పడి పెయింట్ వేయాల్సొస్తే, సిలికాన్ మిగిలిన చోట కొత్త పెయింట్ అంటుకోక చిన్నచిన్న గుంటలు పడతాయి. భాయ్ తన షెడ్డులోకి ఆ డబ్బాలు రానివ్వడు.

మీ కారు ఏడాదిదే కాబట్టి క్లియర్ కోట్ దాదాపు అంతా ఉంటుంది. ఒకసారి మంచి చేతితో పాలిష్, దాని మీద వాక్స్, అంతే. బానెట్ ముందు అంచున రాళ్ళు తగిలి పెచ్చులు లేచాయేమో చూసుకోండి. ఉంటే మీ కారు కలర్ కోడ్ చెప్పి టచప్ పెయింట్ సీసా తెచ్చుకుని వానలు మొదలయ్యేలోపు చుక్కలు పెట్టేయండి. రేకు బయటపడిన చోట వాక్స్ తుప్పును ఆపలేదు.