ఈనిన ఆవు ఎదకు రాకపోతే మందు మెదడుకు కాదు, మేత పెంచాలి

సందేహం: మా ఆవు ఈని నాలుగు నెలలైంది. రోజుకు 14 లీటర్ల పాలిస్తోంది కానీ ఒక్కసారీ ఎదకు రాలేదు. మెదడులో గ్లుటమేట్ అనే రసాయనం పనిచేస్తేనే ఎద హార్మోన్లు విడుదలవుతాయని చదివాను. డీలర్ గ్లుటమిక్ ఆమ్లం ఉన్న పొడి రోజుకు 50 గ్రాములు పెట్టమన్నారు. రెండు హార్మోన్ ఇంజక్షన్లు కూడా వేయించారు. ఫలితం లేదు. దాణా 4 కిలోలు పెడుతున్నాను. దూడ రోజంతా తల్లి దగ్గరే ఉంటుంది. పొడి మోతాదు పెంచాలా?

సలహా: పెంచకండి, ఈరోజే ఆపేయండి. మీ ఆవు మెదడుకు ఏ లోటూ లేదు. మీరు పంపిన ఫొటోలో తోక మొదట్లో రెండు పక్కలా లోతైన గుంటలున్నాయి, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. అసలు సమస్య అది. 4 కిలోల దాణాతో 14 లీటర్లు ఇస్తోందంటే ఒంట్లో కొవ్వు కరిగించుకుని పాలిస్తోంది.

మీరు చదివింది తప్పు కాదు, సగమే. మెదడు అడుగున ఉండే హైపోథాలమస్ అనే భాగంలో జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోన్ విడుదల చేసే కణాల మీద గ్లుటమేట్‌ను అందుకునే రిసెప్టర్లు ఉంటాయి. గ్లుటమేట్ తగిలితే ఆ కణాలు చురుకవుతాయి. జీఎన్‌ఆర్‌హెచ్ పక్కనే ఉన్న పిట్యూటరీ గ్రంథికి చేరి, అండం విడుదలకు కావలసిన ఎల్‌హెచ్ హార్మోన్‌ను విడుదల చేయిస్తుంది. ఎదగని ఆడ ఎలుకలకు ఎన్‌ఎండీఏ అనే ఒక రకం గ్లుటమేట్ రిసెప్టర్‌ను ప్రేరేపించే మందు విడతలుగా ఇస్తే ముందే యుక్తవయసుకు వచ్చాయి. కానీ అండాశయాలు తీసేసిన ఆడ కోతులకు అదే తరహా మందు ఇస్తే ఎల్‌హెచ్ తగ్గింది, అండాశయ హార్మోన్ ఈస్ట్రోజెన్ ఇచ్చాక పెరిగింది. అంటే ఒంటి స్థితిని బట్టి ఆ రిసెప్టర్ల ఫలితమే మారిపోతుంది. చిక్కిన ఆవులో ఒంట్లో శక్తి ఉందని మెదడుకు తెలిపే ఇన్సులిన్, లెప్టిన్ హార్మోన్లు తగ్గుతాయి, దూడ చీకుడు కూడా ఎల్‌హెచ్ విడుదలకు అడ్డుపడుతుంది. ఎల్‌హెచ్ దాదాపు గంటకోసారి విడుదలైతే గానీ అండం పక్వమై విడుదల కాదు. ఇప్పుడు మీ ఆవులో ఆ వేగం లేదు.

పొడి సంగతికొస్తే, పెట్టిన గ్లుటమిక్ ఆమ్లంలో ఎక్కువ భాగాన్ని పెద్దపొట్టలోని సూక్ష్మజీవులే తినేస్తాయి. మిగిలింది రక్తంలో చేరినా మెదడు చుట్టూ ఉన్న అడ్డుగోడ దాన్ని దాదాపుగా రానివ్వదు. 1969లో జాన్ ఓల్నీ అనే శాస్త్రవేత్త అప్పుడే పుట్టిన చిట్టెలుకలకు మోనోసోడియం గ్లుటమేట్ ఇంజక్షన్ ఇస్తే హైపోథాలమస్ కణాలు చచ్చిపోయాయి, పెరిగాక ఆడవి గొడ్డుబోయాయి. మీ ఆవుకు అంత ముప్పు లేదు గానీ డబ్బు దండగ.

దాణా లెక్క చూడండి. ఒంటి పోషణకు కిలోన్నర, ప్రతి రెండున్నర లీటర్ల పాలకు కిలో చొప్పున మొత్తం సుమారు 7 కిలోలు కావాలి. ఒక్కసారిగా పెంచితే కడుపు చెడుతుంది. మూడు రోజులకు అర కిలో చొప్పున పెంచి, రోజుకు మూడు పూటలుగా పెట్టండి. ఖనిజ లవణ మిశ్రమం 60 గ్రాములు, ఉప్పు 30 గ్రాములు కలపండి. దూడను విడిగా కట్టి, పాలు పిండే రెండు పూటలే వదలండి.

ఇక ఆ ఇంజక్షన్లు. అవి ఏ మందులో మీరు రాయలేదు, బహుశా మీకూ చెప్పి ఉండరు. నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే. మీరు గమనించని ఎదలో ఆబోతు దాటి చూడి నిలిచి ఉంటే, ఎద తెప్పించడానికి వాడే ప్రోస్టాగ్లాండిన్ హార్మోన్ ఒక్క డోసుతో ఈసుకుపోతుంది. చూడి పరీక్ష, అండాశయాల పరీక్ష లేకుండా ఎవరు చెప్పినా సూది వేయించకండి. సీసాలు అమ్మే మనిషికి మీ ఆవు గర్భసంచిలో ఏముందో ఎలా తెలుస్తుంది? ఖాళీ సీసాలు ఉంటే డాక్టరుకు చూపించండి.

నాలుగు వారాలు మేపినా ఎద రాకపోతే, పరీక్షలో చూడి లేదని తేలాక, డాక్టరు చేత ఇలా చేయించండి. మొదటి రోజు ఉదయం 8కి బుసెరెలిన్ (జీఎన్‌ఆర్‌హెచ్ తరహా మందు) 10 మైక్రోగ్రాములు. సరిగ్గా ఏడు రోజులకు, ఉదయం 8కి క్లోప్రోస్టెనాల్ (ప్రోస్టాగ్లాండిన్ తరహా మందు) 500 మైక్రోగ్రాములు. ఆ తర్వాత 56 గంటలకు, అంటే రెండు రోజుల తర్వాత సాయంత్రం 4కి మళ్లీ బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు. మర్నాడు ఉదయం 8కి, ఎద కనిపించకపోయినా, కృత్రిమ గర్భధారణ. అండాశయాలు మరీ నిద్రాణంగా ఉంటే మొదటి ఏడు రోజులు యోనిలో ప్రొజెస్టిరాన్ హార్మోన్ వదిలే పరికరం కూడా పెడతారు. క్లోప్రోస్టెనాల్ చర్మం గుండా ఇంకుతుంది, గర్భిణులు, ఆస్తమా ఉన్నవారు ఆ సీసా ముట్టుకోకూడదు.

ఈలోగా ఉదయం, సాయంత్రం, రాత్రి పడుకోబోయే ముందు అరగంట చొప్పున ఆవును గమనించండి. యోని నుంచి జారే జిగురు తీగలు ఉదయం కనిపిస్తే అదే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం కృత్రిమ గర్భధారణ చేయించి తేదీ రాసి పెట్టుకోండి. రెండు నెలలు దాటాక చూడి పరీక్ష చేయించండి.