టెక్ సందేహాలు: రోబో చెయ్యి ఊడింది, గమ్ నిలవట్లేదు!

కిందటి నెల ఎవరికో ప్రింటర్ గురించి జవాబిస్తూ, నా టేబుల్ మీద కాలు విరిగిన ట్రాన్స్‌ఫార్మర్ బొమ్మ (లారీగానో విమానంగానో మారే రోబో) ఒకటి పడుందని మాటవరసకి రాశాను. అంతే, అప్పటినుంచి వరసగా బొమ్మల ప్రశ్నలే. ఇంతమంది పెద్దవాళ్లు బీరువాల్లో బట్టల వెనక రోబోలు దాచుకున్నారని నాకు తెలీదు. సరే, ఈసారికి వైఫై రూటర్లకి సెలవు.

ప్రశ్న: సార్, నా దగ్గర ఆప్టిమస్ ప్రైమ్ ఉంది, లారీగా మారే ట్రాన్స్‌ఫార్మర్, సేకరించేవాళ్ల కోసం చేసే మాస్టర్‌పీస్ రకం. పండక్కి వచ్చిన మా అక్క కొడుకు లారీని రోబోగా మార్చబోయి భుజం దగ్గర విరిచేశాడు. ఫెవిక్విక్ రెండుసార్లు పెట్టాను, రెండుసార్లూ ఊడింది. దాని ధర అక్కకి చెప్పలేదు, చెప్పే ధైర్యం కూడా లేదు. ఏం చెయ్యాలి? (విజయవాడ నుంచి)

జవాబు: ధర చెప్పకండి, అక్కతో మాటలుండాలి కదా. మూడోసారి గమ్ కూడా పెట్టకండి.

గమ్ ఊడిందంటే గమ్ మంచిది కాదని కాదు. ఈ బొమ్మలన్నీ చూడ్డానికి ఒకే ప్లాస్టిక్‌లా ఉంటాయి గానీ లోపల రెండు మూడు రకాలుంటాయి. పైకి కనిపించే ఒళ్లంతా, అంటే లారీ డోర్లూ ఛాతీ కాళ్లూ ఎక్కువగా ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్. అద్దాలు పాలీకార్బొనేట్ లాంటి పారదర్శకమైన ప్లాస్టిక్. మాటిమాటికీ తిరిగే కీళ్లూ, దూరి కూర్చునే బుడిపెలూ చాలాసార్లు పీవోఎం, దాన్నే అసిటాల్ అని కూడా అంటారు. జారుడుగా, కొంచెం మైనం పూసినట్టు తగులుతుంది. అరగదు, అందుకే కీళ్లకి వాడతారు. ఆ జారుడు గుణమే మన కొంప ముంచేది, ఎందుకంటే దానికి ఏ జిగురూ సరిగ్గా పట్టదు. భుజం దగ్గర విరిగింది, రెండుసార్లు ఊడింది అంటున్నారంటే నా అనుమానం ముందు దాని మీదికే పోతుంది.

అనుమానం దేనికి, వంటింటి ఉప్పుతోనే తేల్చుకోవచ్చు. వంద మిల్లీలీటర్ల నీళ్లలో ముప్ఫై గ్రాముల ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపండి. విరిగిన ముక్కలో ఇనుప పిన్ను ఉంటే తీసేసి, అంటుకున్న పాత గమ్ గీకేసి, అందులో వెయ్యండి. ముక్కకి పట్టుకున్న గాలి బుడగలు వేలితో తుడవాలి, లేకపోతే అవే తేలుస్తాయి. తేలితే ఏబీఎస్ అనుకోవచ్చు, దాని సాంద్రత (మామూలు నీళ్లది 1 అనుకుంటే) 1.05 దగ్గర ఉంటుంది, ఉప్పునీళ్లది 1.17 దాకా వస్తుంది. రాయిలా మునిగితే పీవోఎం, అది 1.41. మామూలు నీళ్లలో వేస్తే రెండూ మునుగుతాయి, తేడా తెలీదు, అందుకే ఉప్పు. నైలాన్ కూడా ఈ ఉప్పునీళ్లలో తేలుతుంది, కాబట్టి తేలిన ముక్క మీద కనపడని చోట దూదిపుల్లతో చుక్క అసిటోన్ రాసి చూడండి. మెత్తబడి వేలికి అంటుకుంటుంటే ఏబీఎస్సే. అద్దం ముక్కల మీద మాత్రం ఈ పరీక్ష చెయ్యొద్దు, సన్నటి పగుళ్లు వచ్చేస్తాయి.

ఏబీఎస్ అయితే మీ పని సగం తేలిక. దానికి కావాల్సింది అంటించే జిగురు కాదు, కరిగించే ద్రవం. అసిటోన్ గానీ, ఏబీఎస్‌కి పనికొస్తుందని సీసా మీద రాసున్న పల్చటి మోడల్ సిమెంట్ గానీ తీసుకోండి. రెండు ముక్కలూ సరిగ్గా కలిపి పట్టుకుని, సన్నటి కుంచెతో గీత దగ్గర ముట్టిస్తే ద్రవం తనంతట తనే లోపలికి పాకుతుంది. రెండు వైపులా ప్లాస్టిక్ కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతుంది, ద్రవం ఆరిపోయాక అక్కడ మిగిలేది ప్లాస్టిక్కే. ఒక నిమిషం నొక్కి పట్టి ఒక రోజంతా వదిలెయ్యండి. విరిగిన అంచుల్ని గరుకు కాగితంతో రుద్దొద్దు, అవి ఒకదాంట్లో ఒకటి కూర్చోవడమే మీ బలం. క్రోమ్ పూత మీదా పెయింట్ మీదా చుక్క పడిందో, అది పోయినట్టే. నెయిల్ పాలిష్ రిమూవర్లలో చాలావాటిలో నూనెలుంటాయి, కొన్నింట్లో అసలు అసిటోనే ఉండదు, లేబుల్ చదివి కొనండి. ప్లంబర్ దగ్గర పైపుల గమ్ అడిగి తెచ్చుకునేవాళ్లున్నారు, అది చిక్కగా ఉండి చుట్టుపక్కలంతా పూసుకుంటుంది, వద్దు. అసిటోన్ ఆవిరి చటుక్కున అంటుకుంటుంది కాబట్టి గ్యాస్ స్టవ్ ఉన్న గదిలో మాత్రం ఈ పని పెట్టుకోకండి.

పీవోఎం అయితే అసిటోన్ దాన్ని ఏమీ చెయ్యదు. దీంట్లో ఒక లాభం కూడా ఉంది, మీరు పెట్టిన పాత ఫెవిక్విక్‌ని అసిటోన్‌తో హాయిగా కడిగెయ్యొచ్చు. తర్వాత చెయ్యాల్సింది ఎముకలో రాడ్ వేసినట్టు లోపల తీగ వెయ్యడం. 0.8 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టూ, చేత్తో తిప్పే చిన్న పిడీ కావాలి. సర్క్యూట్ బోర్డులకి చిల్లులు పెట్టే బిట్లు హైదరాబాద్‌లో అయితే కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లో అడగండి. మోటార్ డ్రిల్ వాడితే వేడికి ప్లాస్టిక్ కరుగుతుంది, ఓపిగ్గా వేళ్లతోనే తిప్పాలి. రెండు ముక్కల్లో చిల్లులు ఎదురెదురుగా రావడమే కష్టం. దానికో చిట్కా ఉంది: ఒక ముక్క మధ్యలో తడి పెయింట్ చుక్క పెట్టి రెండోదానికి నొక్కితే అచ్చు పడుతుంది, అక్కడే రెండో చిల్లు. అటు నాలుగైదు మిల్లీమీటర్లు, ఇటు నాలుగైదు మిల్లీమీటర్లు లోపలికి వెళ్లేలా స్టీలు తీగ దూర్చండి. గిటార్ తీగ బాగుంటుంది, లేదంటే జెమ్ క్లిప్ నిటారుగా చేసి వాడండి, లావు కొలుచుకుని బిట్టు దానికి తగ్గట్టు తీసుకోండి. తీగని గరుకు కాగితంతో గీరి, రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ పెట్టి దూర్చాలి. ఐదు నిమిషాల్లో గట్టిపడే రకం కాదు, రాత్రంతా తీసుకునేది. బరువు మోసేది తీగే, ఎపాక్సీ ఆ తీగ కదలకుండా చూస్తుందంతే.

మరి ఫెవిక్విక్ దేనికీ పనికిరాదా అంటే, వస్తుంది. గాల్లోని తేమ తగిలి గట్టిపడే ఆ రకం గమ్ నిలువుగా లాగితే బాగానే పట్టుకుంటుంది, పక్కకి విరిచినా ఒక్క దెబ్బ తగిలినా గాజులా చిట్లుతుంది. కీలు చేసే పనల్లా పక్కకి విరవడమే. కదలని చోట, ఊడిన కొమ్ములకీ పొగగొట్టాలకీ వాడుకోండి. చిన్న సొట్ట పూడ్చాలంటే వంటసోడా చల్లి మీద ఒక చుక్క వేస్తే క్షణంలో రాయవుతుంది. అద్దాల దగ్గర మాత్రం తెల్లటి పొగమచ్చ వదులుతుంది. కాటన్ గుడ్డతో తుడవబోయారంటే చెయ్యి కాలుతుంది, నూలు తగిలితే ఆ గమ్ వేడెక్కుతుంది. నా టేబుల్ మీది కుంటి రోబో కథ కూడా ఇదే. మోకాలు పక్కన చిన్న పగులుంటే తొందరపడి చుక్క పల్చటి గమ్ వేశాను, అది పగుల్లోంచి కీల్లోకి పాకింది, తెల్లారి మోకాలు వంచితే టక్కుమని తొడ దగ్గర విరిగింది. పగులు మాత్రం బ్రహ్మాండంగా అతుక్కుంది!

ఇంకో సంగతి. ఇనుప పిన్ను తియ్యాల్సి వస్తే ముందు రెండు చివర్లూ చూడండి, ఒక చివర గీతలు గీతలుగా ఉంటుంది, అదే ప్లాస్టిక్‌ని పట్టుకునేది. నున్నగా ఉన్న వైపునుంచి కొట్టి గీతల వైపు బయటికి తీయాలి. తిరగేసి కొడితే ఆ గీతలు చిల్లు పొడవునా కోసుకుంటూ పోతాయి. అసలు చాలా కీళ్లు పిల్లలు విరవకపోయినా విరుగుతాయి, చిల్లు కంటే లావుపాటి పిన్ను బలవంతంగా దిగ్గొట్టి ఉంటే ఆ ఒత్తిడికి ఏళ్లు గడిచేకొద్దీ చుట్టూ సన్నటి బీటలు వస్తాయి. అలాంటి బీట కనిపిస్తే పిన్ను తీసి చిల్లుని పిసరంత పెద్దది చేసి మళ్లీ పెట్టుకోండి. బిగుసుకుపోయిందని తుప్పు వదిలించే స్ప్రే కొట్టకండి, కొన్ని ప్లాస్టిక్‌లు దానికే పగులుతాయి. మీ మేనల్లుడి తప్పు ఎంతో, పిన్ను తప్పు ఎంతో ఇప్పుడు చూసి చెప్పండి.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాను. 1980ల చివర్లో వచ్చిన జపాన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను, బంగారు రంగు భాగాలున్నది. పెట్టెలోంచి తీసి చెయ్యి తిప్పితే బిస్కెట్‌లా పొడైపోయింది. ఏ గమ్ వాడమంటారు?

జవాబు: ఏదీ వద్దండీ. సేకరించేవాళ్లు దీన్ని గోల్డ్ ప్లాస్టిక్ సిండ్రోమ్ అంటారు. ఆ కాలంలో ప్లాస్టిక్‌లోనే బంగారు మెరుపు పొడి కలిపి పోసేవాళ్లు, చూస్తే లోపల సుడులు సుడులుగా కనిపిస్తుంది. అలా పోసిన కొన్ని భాగాలు కాలం గడిచేకొద్దీ లోపల్నించే పెళుసెక్కుతాయి. పెట్టె విప్పకపోయినా అంతే. 1988లో జపాన్‌లో వచ్చిన బ్లాక్ జారక్ అనే ట్రాన్స్‌ఫార్మర్ దీనికి బాగా పేరు మోసిన బాధితుడు. అతుకు పెడితే అతుకు పక్కన విరుగుతుంది, డ్రిల్ పెడితే ముక్కలవుతుంది. మిగిలిన బంగారు భాగాల్ని ఇక కదపకండి, ఏ రూపంలో ఉందో ఆ రూపంలోనే షెల్ఫ్‌లో నిలబెట్టండి. విరిగిన ముక్కలు పారెయ్యకుండా కవర్లో దాచండి, ఎప్పుడైనా కొత్త భాగం ప్రింట్ చేయించుకోవాలంటే కొలతలకి అవే ఆధారం. ఇకమీదట కొనేముందు బంగారు సుడులున్నాయేమో ఫొటోలో పెద్దది చేసి చూసుకోండి. పైన పూసిన బంగారు పెయింటుకీ, క్రోమ్ పూతకీ ఈ జబ్బు లేదు, వాటిని చూసి భయపడక్కర్లేదు.

ప్రశ్న: విరిగిన ముక్కే పోయింది. స్కాన్ చేసి త్రీడీ ప్రింట్ తీయిస్తే సరిపోతుందా? విదేశాల నుంచి కొత్తది తెప్పించుకోవడం కంటే చవకేనా?

జవాబు: చవకే. బొమ్మల మీద దిగుమతి సుంకం 2020 ఫిబ్రవరిలో 20 నుంచి 60 శాతానికి, 2023 బడ్జెట్‌లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) నాణ్యత నిబంధన కూడా తోడైంది. అప్పటినుంచి పార్సిల్ కస్టమ్స్ దగ్గర ఆగితే టెన్షన్ మామూలుగా ఉండట్లేదు. అందుకే ఒక చిన్న బుడిపె కోసం మొత్తం బొమ్మ తెప్పించే ఆలోచన మానుకోండి.

చిన్న ముక్కకి స్కాన్ అక్కర్లేదు, వెర్నియర్‌తో కొలిచి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో గీసుకోవడమే మేలు. స్కాన్‌లో అంచులు గుండ్రంగా వచ్చి చివరికి మళ్లీ గీయాల్సే వస్తుంది. ఏ మెటీరియల్‌తో తీయిస్తున్నారన్నదే ముఖ్యం. షాపువాడు అడక్కుండానే వేసేది పీఎల్ఏ అనే ప్లాస్టిక్, అది 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెలలో కార్లో వదిలితే వంగిపోతుంది. రెసిన్ ప్రింట్ నున్నగా, ముద్దుగా వస్తుంది, మామూలు రెసిన్ అయితే కీలుగా పెట్టిన వారానికి విరుగుతుంది. ముఖాలకీ తుపాకులకీ రెసిన్ పెట్టుకోండి, కీలుకి మాత్రం పొడితో తీసే నైలాన్ ప్రింట్ అడగండి. ఫైల్ పంపితే ప్రింట్ తీసి కొరియర్ చేసే సర్వీసులు దాన్ని కూడా తీస్తాయి. దారంలా పోసే ప్రింటరే దిక్కయితే బుడిపెని నిలబెట్టి కాకుండా పడుకోబెట్టి తీయమనండి, నిలబెడితే పొరలు అడ్డంగా వచ్చి సరిగ్గా పొర దగ్గరే ఊడుతుంది. కొలతలో 0.1 మిల్లీమీటర్ వదులు ఉంచి, ఒకేసారి మూడు నాలుగు సైజులు తీయించుకోండి. ఒకటైనా కూర్చుంటుంది.

ప్రశ్న: నా తెల్ల జెట్‌ఫైర్ (విమానంగా మారే ట్రాన్స్‌ఫార్మర్) పసుపు పచ్చగా అయిపోయింది. సర్ఫ్‌లో నానబెట్టినా పోలేదు.

జవాబు: అది మురికి కాదు, సర్ఫ్‌కి పోదు. ఏబీఎస్‌లో ఉండే బ్యుటాడైన్ అనే రబ్బరు భాగం వెలుతురుకీ వేడికీ ఆక్సీకరణ చెంది పసుపెక్కుతుంది. 1985 నాటి జెట్‌ఫైర్ ఈ విషయంలో మహా ప్రసిద్ధం, అసలు అది టకతోకు కంపెనీ మాక్రోస్ అనే జపాన్ కార్టూన్ సీరియల్ కోసం చేసిన యుద్ధవిమానం అచ్చులోంచి వచ్చిన బొమ్మ. పాత కంప్యూటర్ల ప్రేమికులు 2008 ప్రాంతంలో దీనికో వైద్యం కనిపెట్టారు, రెట్రోబ్రైట్ అని పేరు పెట్టుకున్నారు. హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి ఎండలో పెట్టడమే. బ్యూటీ పార్లర్లలో వాడే 40 వాల్యూమ్ డెవలపర్ అంటే 12 శాతం పెరాక్సైడ్, దాన్ని పూసి చేసేవాళ్లూ ఉన్నారు. పూత ఆరిన చోట మచ్చలు పడతాయి, పారదర్శకమైన డబ్బాలో ద్రవంలో పూర్తిగా ముంచడమే నయం. స్క్రూలూ పిన్నులూ స్టిక్కర్లూ తీసెయ్యండి, గ్లౌజులూ కళ్లద్దాలూ లేకుండా ముట్టుకోకండి. నడి మధ్యాహ్నపు ఎండ వద్దు, పొద్దున్న రెండు మూడు గంటల చొప్పున నాలుగు రోజులు పెట్టుకోండి. పసుపు కొన్నాళ్లకి మళ్లీ తిరిగొస్తుంది. అందుకే ఫొటోలకి సరిపడే తెలుపు వస్తే అక్కడితో ఆపమంటాను, పాలలా అయ్యేదాకా ముంచితే ప్లాస్టిక్ పైపొరకే దెబ్బ.

ప్రశ్న: నా రోబో నిలబడదు, తుంటి కీళ్లు వదులు. స్క్రూ బిగిస్తూనే ఉన్నాను. (వరంగల్ నుంచి)

జవాబు: ముందు ఆ బిగించడం ఆపండి, లోపల స్క్రూ పట్టుకునే గొట్టం చీలిందంటే పైన చెప్పిన పిన్నుల పని మొత్తం మీకూ మొదలవుతుంది. కీలు గుండ్రటి బంతి అయితే బయటికి లాగి, రంగులేని నెయిల్ పాలిష్ ఒక పల్చటి పూత వేసి, బంతిని గాల్లోనే ఒక పూటంతా ఆరనివ్వండి. చాలకపోతే ఇంకో పూత. వేలితో ముట్టుకుంటే అంటుకోవట్లేదని నిర్ధారించుకున్నాకే లోపల పెట్టండి, తడిమీద పెట్టారంటే నా రోబో మోకాలికి జోడీ దొరుకుతుంది.