డబ్బు పోగయ్యేదాకా ఆగకండి

ఏడు నెలల బాబుకి ఎస్‌ఎంఏ టైప్ 1 (కండరాల్ని కదిలించే నరాల కణాలు చచ్చిపోయే జన్యు జబ్బు) అని తేలిందని, జీన్ థెరపీకి విరాళాలు పోగయ్యేలోపు ఏం చేయాలో తోచట్లేదని రాశారు. మీ టెన్షన్ నాకు తెలుసండీ, మా పాపదీ ఇదే జబ్బు.

ముందు ఏఏవీ9 అనే వైరస్‌ని అడ్డుకునే యాంటీబాడీలు బాబు ఒంట్లో ఉన్నాయేమో పరీక్ష చేయించండి. జోల్జెన్‌స్మా అనే ఈ జీన్ థెరపీ, బాబుకి లోపించిన ఎస్‌ఎంఎన్1 జీన్‌ని ఆ వైరస్ ద్వారానే ఒంట్లోకి పంపుతుంది. యాంటీబాడీలు ఎక్కువుంటే అప్పటికి ఇవ్వరు. తల్లి నుంచి వచ్చినవైతే తగ్గొచ్చు, మళ్ళీ పరీక్షిస్తారు. విరాళాలు అడిగే ముందే ఇది తేలడం మంచిది.

ఈలోపు ఈ జబ్బుకే వాడే రిస్‌డిప్లామ్ మొదలుపెట్టొచ్చా అని డాక్టర్‌ని గట్టిగా అడగండి. అమెరికాలో 2020లో అనుమతి పొందిన ఈ మందు నోటి ద్వారా ఇచ్చేదే. చచ్చిపోయిన నరాల కణాలు తిరిగి రావు, అందుకే ఆలస్యం వద్దంటున్నాను. మందు కంపెనీల సహాయ పథకాలకి సాధారణంగా డాక్టరే దరఖాస్తు పంపాలి. మొహమాటపడకుండా ఆయన వెంటపడండి.

విరాళాలు వీలైతే నేరుగా ఆసుపత్రి ఖాతాకే వెళ్ళేలా చూడండి. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ జత చేయండి, డబ్బు మిగిలితే ఏం చేస్తారో ముందే రాయండి. రిపోర్టుల మీద అడ్రస్, నంబర్లు చెరిపేయండి. బాబు ఏడుస్తున్న ఫోటోలు మాత్రం పెట్టొద్దు. రేపు వాడూ చూస్తాడు కదా.

పాలు తాగుతూ పొలమారుతున్నా, ఊపిరి తీసుకునేటప్పుడు ఛాతీ లోపలికి పోయి పొట్ట పైకి లేస్తున్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. గొంతులో కఫం తీసే సక్షన్ మెషిన్ వాడటం ఇంట్లో ఇద్దరైనా నేర్చుకోండి.