పిల్లకి శ్రద్ధ లేదా, చూపు లేదా? మా వాడి పెసరట్టు సంగతి

మూడో క్లాసు పాప బోర్డు మీద లెక్కలు తప్పుగా ఎక్కించుకుంటోంది, టీచరేమో శ్రద్ధ లేదంటోంది, పాపని అడిగితే బాగానే కనిపిస్తోందంటోంది, కళ్ళు చూపించాలా అని అడిగారు. చూపించండి. పాప మాట మాత్రం నమ్మకండి. అబద్ధమాడుతుందని కాదండీ, చూపు మెల్లమెల్లగా తగ్గుతుంటే లోకమంతా అందరికీ ఇలాగే కనిపిస్తుందనుకుంటారు పిల్లలు.

మా వాడు నాలుగో క్లాసప్పుడు, దిల్‌సుఖ్‌నగర్‌లో మేం ఆదివారం ఆదివారం వెళ్ళే టిఫిన్ సెంటర్లో, ఏం కావాల్రా అంటే ఎప్పుడూ "అక్క తినేదే" అనేవాడు. ఓరోజు మా ఆయన గోడ మీది తెలుగు బోర్డు చూపించి, ఏది చదివితే అది తెప్పిస్తానన్నారు. వాడు కళ్ళు చికిలించి చూసి "రావట్లేదు నాన్నా" అన్నాడు. ఇంక చూస్కోండి, ఇంత ఫీజు కట్టి ఇంగ్లీష్ మీడియంలో వేస్తే తెలుగే రాకుండా పోయిందని అందరి ముందూ క్లాసు పీకారు, నేనూ నాలుగు అంటించా. వాడు బిక్కమొహం వేసుకుని, సాంబారు ఆవిరికి ఆయన తీసి పక్కన పెట్టిన కళ్ళజోడు ఊరికే పెట్టుకున్నాడు. పెట్టుకుని తలెత్తి "పెసరట్టు ఉప్మా, రవ్వ దోశ, ఉల్లి దోశ" అని గడగడా చదివేశాడు. కింద చిన్నక్షరాల్లో ఉన్న "అరువు అడగరాదు" కూడా. మా ఇద్దరికీ ముద్ద దిగలేదు.

డాక్టర్ చూస్తే కుడి కన్ను మైనస్ 2, ఎడమది మైనస్ 3.25, అంటే దూరానివి మసకే. పొడుగని స్కూల్లో చివరి బెంచీలో కూర్చోబెట్టారు, పక్కవాడి నోట్స్ చూసి రాస్తున్నాడని డైరీలో కంప్లైంట్ కూడా రాశారు. స్మార్ట్ క్లాసుకి వేలు వసూలు చేసేవాళ్ళు ఏడాదికోసారి ఓ అక్షరాల చార్టు గోడకి తగిలించలేరా? ఇంట్లో మా అత్తగారు ఇంకోటి, ఇప్పట్నుంచే అద్దాలేంటి, పవర్ పెరిగిపోతుంది, క్యారెట్ పెట్టమంటుంది. ఆవిడ పెట్టుకునే అద్దాలు 2018లో తెలంగాణ ప్రభుత్వం కంటి వెలుగు క్యాంపులో ఇచ్చినవే! అద్దాల వల్ల పవర్ పెరగదు, ఎదిగే వయసులో అదే పెరుగుతుంది.

ఒక కన్ను బాగుండి రెండోది మసకైతే ఇంకా మోసం, బాగున్నదే పనంతా లాక్కొచ్చేస్తుంది. ఒక్కో కన్ను అరచేత్తో మూయించి దూరం నుంచి క్యాలెండర్ చదివించి చూడండి. అలాంటి కన్నుని వదిలేస్తే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, ఏడెనిమిదేళ్ళు దాటాక దారికి తేవడం కష్టం. మీ పాపది ఆ వయసే కాబట్టి దసరా సెలవుల దాకా ఆగకండి.

కళ్ళద్దాల షాపులో కంప్యూటర్ చెకప్‌తో సరిపెట్టొద్దు, పిల్లలు చూపు బిగించేస్తే లేని మైనస్ కూడా చూపిస్తుంది. అలా బిగించకుండా కంట్లో చుక్కలు వేసి చూసే కంటి డాక్టర్ దగ్గరికే వెళ్ళండి, మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వాసుపత్రి ఉండనే ఉంది. చుక్కలు వేశాక ఎండ చూడలేరు, టోపీ తీసుకెళ్ళండి, ఆ రోజుకి హోంవర్క్ అవ్వదని టీచర్‌కి ముందే చెప్పేయండి, లేకపోతే దానికీ శ్రద్ధ లేదంటుంది.